ఫ్యూజు జేబులో ఉన్నంతసేపూ

3, బుధవారం

మా వీధికి రావాల్సిన ఎండని అడ్డుకున్నవాడు ఒక్కడే. ఈ సెక్షన్ లైన్‌మన్. అంటే మా నాన్న.

రాసేశాను. ఇప్పుడు కొంచెం నయంగా ఉంది.

ఇరవై రెండు డాబాల మీద సోలార్ ప్యానెళ్ళు బిగించి నెలన్నర అయింది. రోజూ పొద్దున్నే ఎండ వచ్చి వాటి మీద కూర్చుంటుంది. సాయంత్రం దాకా పని దొరుకుతుందేమోనని చూసి, దొరక్క వెళ్ళిపోతుంది. ప్రభుత్వం తన పని తాను చేసింది. ఖర్చులో సగానికి పైగా నాదే అంది. మీరు వాడుకోగా మిగిలిన కరెంటు తీసుకుంటాను, మీ మీటరు వెనక్కి తిరుగుతుంది అంది. పదేళ్ళలో దేశంలో సగం కరెంటు ఎండ నుంచీ గాలి నుంచీ రావాలని అచ్చేసి మరీ చెప్పింది. ఆ కరపత్రం నాకు కంఠతా వచ్చు. నేను పనిచేసే జిరాక్స్ షాపులో నా చేతుల మీదుగానే కొన్ని వందల కాపీలు పోయాయి. నాలుగు పేజీలు. అంత మంచి నాలుగు పేజీలు నేనెక్కడా చదవలేదు.

గడువు ఈ నెల ముప్పై. ఆలోగా లైన్‌మన్ వచ్చి, పరీక్షించి, సంతకం పెడితే ప్యానెళ్ళని లైనుకి కలుపుతారు. లేకపోతే ఈ ఏటి సాయం పోయినట్టే. వచ్చే ఏడు ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

ఒక్క సంతకం. నాన్న ఒక్క ఇంటికీ పెట్టలేదు. మా ఇంటికి కూడా.

4, గురువారం

నాన్నతో మాట్లాడటం మానేశాను.

ఆయన గమనించినట్టు లేదు.

6, శనివారం

లెక్కల మాస్టారి డాబా మీద వీధంతా కూడింది. మాస్టారు రిటైరైనా వీధి మొత్తాన్నీ తొమ్మిదో తరగతి కిందే చూస్తాడు. "ఏమ్మా, నీకు తెలియాలి కదా, ఇంట్లో మనిషివి" అన్నాడు. ఇంకెవరో వెనక నుంచి, "ఆయన చేతిలో ఏమైనా పెట్టాలేమో, అడిగి చెప్పమ్మా" అన్నారు.

ఒళ్ళు మండిపోయింది. మా నాన్న డ్యూటీలో ఎవరింట్లోనూ మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టడు. ఆ మాట అనాల్సింది. అనలేదు. "ఇది నేను తేలుస్తా" అని లేచాను. చప్పట్లు కొట్టారు.

చప్పట్లు బాగానే అనిపించాయి. ఇక్కడైనా నిజం రాయాలి కదా.

7, ఆదివారం

మాట్లాడకూడదన్న నియమం ఇవాళ తప్పలేదు. నేను చేసింది నిలదీయడం. అది వేరు.

నాన్న వరండాలో స్తంభమెక్కేటప్పుడు కట్టుకునే బెల్టుకి నూనె పూస్తున్నాడు. అమ్మ కుట్టు మిషను దగ్గర నాన్న ఖాకీ చొక్కా జేబుకి రెండో పొర గుడ్డ వేస్తోంది. ఆయన చొక్కాలన్నింటికీ ఎడమ జేబు రెండు పొరలు, పైన బొత్తం. ఎందుకంటే అందులో ఫ్యూజు ఉంటుంది. నాన్న స్తంభం ఎక్కేముందు లైను ఫ్యూజు పీకి, పిడికిలంత ఆ పింగాణీ ముక్కని జేబులో వేసుకుని, బొత్తం పెట్టుకుంటాడు. అది ఆయన దగ్గరుంటే కింద ఎవరూ మర్చిపోయి కూడా కరెంటు ఇవ్వలేరు. "ఫ్యూజు నా జేబులో ఉన్నంతసేపూ లైను చచ్చినట్టే" అంటాడు. ముప్పై ఏళ్ళుగా అదే పద్ధతి. నా చిన్నప్పుడు సెలవుల్లో వెంట తీసుకెళ్తే, దాన్ని నా చేతికిచ్చి ఎక్కేవాడు. "ఇది నీ చేతిలో ఉంటే నాన్నకేం కాదు" అనేవాడు. నేను రెండు చేతులతో పట్టుకుని, ముక్కు దురద పెట్టినా గోక్కోకుండా నిలబడేదాన్ని.

ఇదంతా ఎందుకు రాశానో. అసలు సంగతి ఇది:

"ఎందుకు పెట్టట్లేదు సంతకం?"

"పరీక్ష కాలేదు."

"నీ పరీక్ష అంటే కాగితం మీద టిక్కు పెట్టడమేగా!"

"మరింకేం, నువ్వే పెట్టు. చేతిరాత కూడా నీదే బాగుంటుంది."

"నాన్నా, దేశం మొత్తం పొగలోంచి బయటపడాలని చూస్తుంటే నువ్వు తలుపుకి అడ్డంగా నిలబడ్డావు."

"కాస్త పక్కకి జరుగు, కరపత్రం. ఎండ బెల్టు మీద పడనీ."

నన్ను ఆయన పిలిచే పేరు అది. పదో తరగతి నుంచీ. ఏది చేతికొస్తే అది చదివి, చదివినదల్లా భోజనాల దగ్గర చదివి వినిపిస్తానని.

అమ్మ మిషను ఆపకుండానే అంది: "మీ ఇద్దరి మధ్యా కరెంటు పోతే పోనీ. వెళ్ళి స్నానం చెయ్యి ముందు."

9, మంగళవారం

రాశాను. ఆరు సార్లు కొట్టేసి రాశాను. షాపు ఓనరు భోజనానికి వెళ్ళిన గంటలో వంద కాపీలు తీశాను.

"సూర్యుడికి ఎవరి సంతకం కావాలి? ప్రభుత్వం తలుపు తీసింది. ప్రజలు వాకిట్లో నిలబడ్డారు. మధ్యలో గొళ్ళెం పెట్టినవాడు మన సెక్షన్ లైన్‌మన్! నలభై ఐదు రోజుల వెలుగు వృథా! దీనికి జవాబు ఎవరు?"

వీధిలో ప్రతి స్తంభానికీ అంటించాను. చేతులు వణికాయి. జిగురు చల్లగా ఉండటం వల్ల.

10, బుధవారం

నాన్న సాయంత్రం వచ్చాడు. బూట్లు విప్పాడు. కాళ్ళు కడుక్కున్నాడు.

"జిగురు మరీ అంత పూస్తారా? ఎక్కుతుంటే బూటు జారింది" అన్నాడు.

అంతే. అమ్మ ఇద్దరికీ వడ్డించి వంటింట్లోకి వెళ్ళి, చాలాసేపు గిన్నెలు గట్టిగా పెట్టింది.

నేను బాధపడలేదు.

12, శుక్రవారం

మూల స్తంభం మీద కరపత్రం అలాగే ఉంది. నాన్న రోజూ దాన్ని దాటుకుని ఎక్కుతాడు. చింపడు. నాతోనూ మామూలుగానే మాట్లాడుతున్నాడు. మాట్లాడనిది నేనే. ఇది తొమ్మిదో రోజు.

15, సోమవారం

దొరికింది!

ప్యానెళ్ళు బిగించిన కంపెనీ ఏజెంటు షాపుకొచ్చాడు. మేము అతన్ని 'టై' అంటాం. ఎండాకాలం కూడా విప్పడు. "అమ్మా, ఇది ఇరవై రెండు కాపీలు తియ్యి" అని ఒక కాగితం ఇచ్చాడు. ఇన్వర్టర్ పరీక్ష పత్రం. ఇన్వర్టర్ అంటే ప్యానెళ్ళ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే గోడ పెట్టె. లైనులో కరెంటు పోతే అది ఎంతసేపట్లో ఆగింది అన్న గడిలో 'రెండు సెకన్లు' అని నింపి ఉంది. కింద సంతకం, ముద్ర. ఇంటి నంబరు ఒక్కటే ఖాళీ.

అంటే పరీక్ష అయిపోయింది! రెండు సెకన్లట! కాలేదని నాన్న అబద్ధమాడాడు! ఇరవై రెండూ నేనే తీశాను, అంచులు కూడా సమంగా వచ్చాయి. టై వెళ్ళాక ఇంకొకటి నాకోసం తీసుకుని, ఓ అర్జీ రాసి దానికి జతచేసి, కరెంటాఫీసు ఇంజనీరు చేతికిచ్చి వచ్చాను.

"మీ నాన్నేనా అమ్మా ఈ లైన్‌మన్?" అన్నాడాయన.

"న్యాయానికి నాన్న ఎవరండీ" అన్నాను.

దారిలో ఆ మాట నాలుగైదు సార్లు అనుకున్నాను. మొదటిసారి ఉన్నంత బాగా తర్వాత లేదు.

17, బుధవారం

ఇంజనీరు సంతకం అధికారం నాన్న దగ్గర తీసేసి బాబాయికి ఇచ్చాడు. బాబాయి అంటే నాన్న తమ్ముడు కాదు, నాన్నతో పదిహేనేళ్ళుగా స్తంభాలెక్కే జూనియర్. నాకు సైకిల్ నేర్పింది ఆయనే. నేను నేర్చుకోలేదు గానీ, నేర్పాడు.

"పై నుంచి ఆర్డరు అన్నా, నేనేం చెయ్యను" అని వరండాలో నిలబడ్డాడు.

"పెట్టు. కానీ చూసి పెట్టు" అన్నాడు నాన్న.

"కాగితాలున్నాయిగా అన్నా, ఇరవై రెండింటికీ."

నాన్న నావైపు చూశాడు. మరుక్షణం చూపు తిప్పేసుకున్నాడు.

19, శుక్రవారం

కలిపారు! ముందు నాలుగిళ్ళకి. మా ఇల్లు, మాస్టారిది, ఇంకో రెండు. మధ్యాహ్నం మా మీటరు వెనక్కి తిరుగుతుంటే మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని చూసి, "రుణ సంఖ్యలు ఎందుకు మాస్టారూ అని అడిగేవాళ్ళు నన్ను. వచ్చి చూడండిరా!" అని వీధికి వినపడేలా అరిచాడు. అమ్మ మిషను ఎండతో నడిచింది. నేను డాబా మీద నిలబడి ప్యానెల్ మీద చెయ్యి వేస్తే వెచ్చగా, ఏదో జంతువు వీపులా ఉంది. ఏడుపొచ్చింది. సంతోషంతో.

నాన్న డాబా మీదకి రాలేదు. కింద కూర్చుని టెస్టరు బాగుచేసుకుంటున్నాడు.

22, సోమవారం

బాబాయి

22, సాయంత్రం

బతికాడు. చేతులు కాలాయి.

మధ్యాహ్నం గాలికి కొమ్మ విరిగి మూల స్తంభం తీగ తెగింది. ఇద్దరూ వచ్చారు. నాన్న ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. "ఆగు, టెస్టరు పెట్టి చూస్తా" అన్నాడట. "నీ జేబులో ఉందిగా అన్నా" అని బాబాయి పైకి వెళ్ళి చెయ్యి వేశాడట.

నేను షాపు నుంచి పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి బాబాయిని కిందికి దించారు. బెల్టు పట్టి ఉంచింది. నాన్న కర్రతో చేతుల్ని తీగ నుంచి విడదీశాడట. రోడ్డు మీద కూర్చుని బాబాయి తల ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. నాన్న జేబు ఉబ్బెత్తుగా ఉంది. బొత్తం పెట్టే ఉంది. ఫ్యూజు అందులోనే ఉంది.

కరెంటు పై నుంచి రాలేదు. ఇళ్ళ నుంచి వచ్చింది. లైను చచ్చిపోయాక కూడా ఏదో ఇంట్లో ఇన్వర్టర్ ఆగలేదు. ఎండ కరెంటుని తీగలోకి తోస్తూనే ఉంది. రెండు సెకన్లు కాదు, బాబాయి ఎక్కినంతసేపూ.

నాలుగిళ్ళలో ఏది? మాది కావచ్చు.

23, మంగళవారం

ఆసుపత్రికి వెళ్ళాను. గుమ్మంలోనే నిలబడిపోయాను. రెండు చేతులకీ కట్లు.

"రా అమ్మడూ. నీ కరపత్రం గట్టిదే. చదివేసరికి షాక్ కొట్టింది" అన్నాడు బాబాయి.

నేను నవ్వలేదు. ఆయనే నవ్వి, నవ్వితే నొప్పి పుట్టి, నన్నే తిట్టాడు. వేళ్ళు పనిచేస్తాయట, కొన్నాళ్ళకి. నీళ్ళ గ్లాసు నోటికి అందించాను. సగం చొక్కా మీద పోశాను.

"సైకిలూ ఇలాగే తొక్కేదానివి" అన్నాడు.

24, బుధవారం

నాలుగిళ్ళ కనెక్షన్లూ పీకేశారు. వీధిలో సగం మంది ప్యానెళ్ళు దింపేస్తామంటున్నారు. టై ఫోన్ ఎత్తడం లేదు. ఇంక ఆరు రోజులు.

నాన్న వరండాలో. నేను వెళ్ళి నేల మీద కూర్చున్నాను.

"నాన్నా."

"ఊఁ."

"చెప్పొచ్చుగా ముందే!"

"ఏమని చెప్పను? పెట్టెలు అనుమానంగా ఉన్నాయి, చూసేదాకా ఆగండి అంటే, ఆగుతారా? భయపడి ఆ రోజే దింపేసేవాళ్ళు. ఒకసారి దింపితే మళ్ళీ ఎవరూ ఎక్కించరు." బెల్టు కొక్కెం తుడుస్తూ అన్నాడు. "చెప్పాల్సిందే. బాబాయికైనా గట్టిగా చెప్పాల్సింది. నేననుకున్నట్టు జరగలేదు."

"నీకు సోలార్ ఇష్టం లేదనుకున్నాను."

నాన్న లేచి పనిముట్ల సంచీ తెచ్చాడు. అడుగు నుంచి ఒక పుస్తకం తీశాడు. సోలార్ పథకం పూర్తి నిబంధనలు. నలభై ఎనిమిది పేజీలు. నా దగ్గర నాలుగు పేజీలే ఉన్నాయి. అంచుల్లో నూనె మరకలు, పంక్తుల కింద పెన్సిలు గీతలు. చదువు ఏడో తరగతితో ఆపేసిన మనిషి ఒక్కో మాటా వేలు పెట్టుకుని చదివినట్టు తెలుస్తోంది.

"ఇదుగో, పదిహేడో పేజీ. లైను పోయిన రెండు సెకన్లలో ఇన్వర్టర్ ఆగాలి, ఎండ బాగా ఉన్నప్పుడు ఇల్లిల్లూ పరీక్షించాలి. ఈ పంక్తి రాసినవాడికి నేను దణ్ణం పెడతాను. వాడెవడో గానీ స్తంభం కింద నిలబడి చూసినవాడు."

"మరి పరీక్ష ఎందుకు చెయ్యలేదు?"

"వీధి మొత్తానికి కరెంటు తియ్యాలి. ప్రతి ఇంటి స్విచ్ దగ్గరా ఒక మనిషి ఉండాలి. మనుషుల్నివ్వండి, ఒక పూట ఇవ్వండి అని ఆఫీసుకి మూడు ఉత్తరాలు పెట్టాను. వాళ్ళేమో సంతకం పెట్టు, చాలు అన్నారు."

పుస్తకం మూసి చెప్పాను. "ఆ కాగితం... నేనే కాపీలు తీశాను నాన్నా. ఇరవై రెండు."

"తెలుసు."

"అన్నింట్లోనూ రెండు సెకన్లే."

"ఇరవై రెండు పెట్టెలు ఒకేలా ఆగవు, కరపత్రం. అబద్ధమే అంత సమంగా ఉంటుంది." మళ్ళీ బెల్టు అందుకుని, "నువ్వు అంత చదువుతావు కదా, ఆ ఒక్కటీ చదవకుండా కాపీ తీశావేం?" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

అప్పుడు ఏడ్చాను. జిగురు చల్లగా లేదు, గాలీ లేదు. ఊరికే ఏడ్చాను. నాన్న బెల్టు పక్కన పెట్టి, నూనె చెయ్యి తుడుచుకోకుండానే తల మీద వేశాడు. అమ్మ లోపల్నుంచి, "ఆ జుట్టు ఇప్పుడు ఎవరు కడుగుతారు?" అంది.

25, గురువారం

ఇంజనీరు దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. అర్జీ కాదు, పుస్తకం పట్టుకెళ్ళాం. నాన్న ముప్పై ఒకటో పేజీ తీసి ఆయన ముందు పెట్టాడు. గడువులోగా పరీక్ష జరిగితే చాలు. తప్పిన పెట్టెల్ని కంపెనీయే కొత్తవి పెట్టాలి, సాయం పోదు. పరీక్ష తేదీయే ముఖ్యం, పాసైన తేదీ కాదు.

ఇంజనీరు ఆ పేజీ రెండుసార్లు చదివాడు. ఆయనా మొదటిసారి చదువుతున్నట్టే ఉంది. "ఆదివారం ఒక పూట లైను తీసుకోండి. కానీ మనుషులు నా దగ్గర లేరు" అన్నాడు.

"మనుషులు నా దగ్గర ఉన్నారండీ" అన్నాను.

నాన్న బయటికొచ్చాక, "ఎక్కడున్నారే?" అన్నాడు.

26, శుక్రవారం

ఇల్లిల్లూ తిరిగాను. ముందు ఆ కరపత్రం రాసింది నేనేనని చెప్పాను. అందరికీ తెలుసట. మా నాన్నకి ఏమైనా పెట్టాలేమో అన్నది ఎవరో కూడా ఇవాళ తెలిసింది. ఆయన మంచినీళ్ళిచ్చాడు. తాగాను.

ముగ్గురు తలుపు వేసేశారు. ఒకావిడ, "మీ తండ్రీ కూతుళ్ళ గొడవకి మా ఇంటి మీద బరువు మోస్తున్నాం" అంది. నిజమే అన్నాను. ఆవిడ మూయబోయిన తలుపు ఆపింది. వస్తానంది.

మాస్టారు చివరిదాకా విని, "రెండు సెకన్లు ఎవరు లెక్కపెడతారు?" అన్నాడు.

"మీరే."

"గట్టిగా పెట్టొచ్చా?"

"వీధంతా వినపడాలి మాస్టారూ."

27, శనివారం

స్తంభాల మీద పాత కరపత్రాలు తడిపి గీకాను. మూల స్తంభం మీది నాన్న గీకాడు. "ఇది మాత్రం బాగా అతికింది" అని మెచ్చుకున్నాడు.

ఆసుపత్రి నుంచి బాబాయి కబురు పెట్టాడు: అన్న ఒక్కడే ఎక్కుతున్నాడు, చూసుకోమని. అమ్మ ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసి కొక్కేనికి తగిలించింది. ఈసారి జేబుకి మూడో పొర వేసింది. ఎందుకని అడిగితే, "ఊరికే" అంది. కానీ రేపు ఫ్యూజు ఆ జేబులో ఉండదు. నాన్న చెప్పాడు. ఆయనకి రెండు చేతులూ, మొత్తం ధ్యాసా టెస్టరు మీద ఉండాలట. "నువ్వు పట్టుకో" అన్నాడు. "ముక్కు దురద పెడితే గోక్కో, ఫరవాలేదు."

మొదట మా ఇల్లు. నేనే అడిగాను.

కొత్త కరపత్రం. ఒక్కసారే రాశాను, కొట్టివేతలు లేవు. నాన్నకి చదివి వినిపించాను. ఒక్క మాట మార్చమన్నాడు. నేను 'లైన్‌మన్ కోరుతున్నాడు' అని రాస్తే, 'మేము' అని పెట్టమన్నాడు.

"ఇరుగు పొరుగు వారికి.

పోయిన సోమవారం మన కోసం స్తంభమెక్కిన మనిషి చేతులు కాలాయి. చూడకుండా కాపీలు తీసింది నేను. సంతకం పెట్టని లైన్‌మన్ మీద తప్పుగా రాసిందీ నేనే. ఎండ మనల్ని మోసం చెయ్యలేదు. చూడకుండా కలిపితే మనమే ఒకరినొకరం మోసం చేసుకున్నట్టు. రేపు చూసి కలుపుదాం.

ప్యానెళ్ళు దింపకండి. రండి. ప్రతి ఇంటి నుంచీ ఇద్దరు. ఒకరు ఇంట్లో మెయిన్ స్విచ్ దగ్గర, ఒకరు వీధిలో. మేము ఒక్కో ఇంటినీ లైనుకి కలిపి ఫ్యూజు తీస్తాం, మాస్టారు రెండు లెక్కపెడతారు. ఆగిన పెట్టె ఉంటుంది, ఆగనిది మారుతుంది. స్తంభమెక్కేవాడు సాయంత్రం ఇంటికి చేరాలి.

ఎండ నడినెత్తికి వచ్చే వేళ కావాలి. రేపు, ఆదివారం, పగలు పదకొండు గంటలకి, మూల స్తంభం దగ్గర. ఫ్యూజు నా చేతిలో ఉంటుంది. ఇరవై రెండు ఇళ్ళూ రావాలి."